సముద్రపు నాచు ఆరోగ్యానికి నిజంగా ఏం చేస్తుంది, ఏం చేయదు

ఈ మధ్య ఏ వీడియో చూసినా సీ మాస్ అనే సముద్రపు నాచుతో చేసిన జెల్ రోజుకో స్పూను తింటే థైరాయిడ్ సెట్ అయిపోతుంది, జుట్టు ఒత్తుగా వస్తుంది, బరువు తగ్గుతారు, చర్మం మెరుస్తుంది, ఇందులో 92 మినరల్స్ ఉన్నాయి అని చెప్తున్నారు. ఈ 92 అనే లెక్క చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, మనిషి శరీరానికి అవసరమని తేలిన మినరల్స్ అన్నీ కలిపినా పాతిక కూడా దాటవు, మిగతా వాటిలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం లాంటివి కూడా ఉంటాయి కదా, అవి ఉండటం గొప్ప ఎలా అవుతుంది? ఇంకోవైపు నాచంటే నీళ్ళ మీద తేలే పాచే కదా, దాంట్లో మందేంటి అని కొట్టిపారేసే వాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆధునిక వైద్యానికి సముద్రపు నాచు ఇచ్చినంత ఇంకే సముద్ర జీవీ ఇచ్చి ఉండదు. కాకపోతే ఆ మేలు జరిగింది ఈ వీడియోల్లో చెప్పే దారిలో కాదు. ముఖ్యంగా రెండే రెండు వస్తువుల వల్ల జరిగింది, ఒకటి అయోడిన్, రెండోది దాని జిగురు. ఈ రెండూ అర్థమైతే మిగతా ప్రచారంలో ఎంత నమ్మాలో ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది.

ముందు ఒక విషయం. నాచు, సీవీడ్ అని మనం ఒకే పేరు పెట్టేశాం గానీ అది ఒక మొక్క పేరు కాదు. గోధుమ రంగువి, ఎరుపువి, ఆకుపచ్చవి అని మూడు పెద్ద గుంపులు ఉన్నాయి, వేల రకాలు ఉన్నాయి, పైగా ఈ మూడు గుంపుల మధ్య చుట్టరికం చాలా దూరం, గోధుమ రంగు నాచులైతే అసలు మొక్కల వంశమే కాదు. జపాన్ వాళ్ళు సూప్‌లో వేసే కొంబు, వకమే గోధుమ రంగు గుంపు, సుషీకి చుట్టే నోరి ఎరుపు గుంపు, సీ లెట్యూస్ అనే పల్చటిది ఆకుపచ్చ గుంపు. కాబట్టి సీవీడ్ ఒంటికి మంచిది అనే మాట ఆకులు ఒంటికి మంచివి అన్నట్టే ఉంటుంది, ఏ ఆకు అనే ప్రశ్న వెంటనే రావాలి. స్పిరులినాని కూడా చాలామంది ఇందులో కలిపేస్తారు, అది సీవీడ్ కాదు, కంటికి కనపడనంత చిన్న సయనోబ్యాక్టీరియా, దాని లెక్క వేరు.

ఇప్పుడు ఆ జిగురు, ఆ అయోడిన్ నాచుకి ఎందుకు అనేది చూద్దాం. నాచుకి వేర్లుండవు, రాయిని పట్టుకుని ఉండే ఒక పట్టు మాత్రం ఉంటుంది, రోజంతా అలలు దాన్ని అటూ ఇటూ లాగుతుంటాయి, ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోతే గంటల తరబడి ఎండలో పడి ఉండాలి. గట్టి కాండం ఉంటే విరిగిపోతుంది, అందుకే ఒళ్ళంతా సాగే జిగురు పదార్థం నింపుకుంటుంది, అది వంగుతుంది, తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇక కెల్ప్ అనే పెద్ద గోధుమ రంగు నాచులు సముద్రపు నీళ్ళలో ఉన్న కొంచెం అయోడిన్‌ని పీల్చి దాచుకుంటాయి, ఎంతగా అంటే చుట్టూ నీళ్ళలో ఉన్నదానికి దాదాపు 30 వేల రెట్లు గాఢంగా. నీళ్ళు తగ్గి ఎండ తగిలినప్పుడు కణాల్లో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలని ఈ అయోడిన్ విరిచేస్తుంది, అంటే అది నాచుకి సొంత యాంటీ ఆక్సిడెంట్. మనకి మందుగా పనికొచ్చింది ఇదే, మన థైరాయిడ్‌ని దెబ్బ తీసేదీ ఇదే.

నాచుని వైద్యానికి వాడటం చాలా పాత సంగతి. దక్షిణ అమెరికాలో చిలీ దేశంలోని మాంటె వెర్డే అనే చోట దాదాపు 14 వేల ఏళ్ళ నాటి మనుషుల గుడిసెల్లో తొమ్మిది రకాల నాచు అవశేషాలు దొరికాయి, కొన్ని నమిలి ఉండలు చేసినట్టు ఉన్నాయి, వాటిని మందుకి కూడా వాడి ఉంటారని అక్కడ తవ్విన వాళ్ళ అంచనా. చైనాలో 4వ శతాబ్దం నాటికే గె హోంగ్ అనే వైద్యుడు గొంతు దగ్గర ఉబ్బే గాయిటర్‌కి నాచుతో మందు రాశాడు. యూరప్‌లో కాల్చిన సముద్రపు స్పాంజి బూడిద ఇచ్చేవాళ్ళు. ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలీదు, పనిచేస్తుందని మాత్రం తెలుసు.

కారణం బయటపడింది 1811లో, అదీ అనుకోకుండా. ఫ్రాన్స్‌లో నెపోలియన్ యుద్ధాల టైం, తుపాకి మందుకి సురేకారం కావాలి, బెర్నార్ కుర్త్వా అనే ఆయన కుటుంబ వ్యాపారం అదే, ఆయన నాచు కాల్చిన బూడిద నుంచి లవణాలు తీస్తున్నాడు. ఒకరోజు ఆ బూడిద మడ్డిలో సల్ఫ్యూరిక్ యాసిడ్ మామూలు కన్నా ఎక్కువ పడింది, అంతే, ఊదా రంగు ఆవిరి గుప్పున లేచింది, అది చల్లని చోట తగిలి నల్లగా మెరిసే స్ఫటికాల్లా పేరుకుంది. ఊదా రంగుకి గ్రీకు మాట పట్టుకునే దానికి అయోడిన్ అని పేరొచ్చింది. తర్వాత 1820లో జెనీవాలో క్వాండే అనే డాక్టరు ఒక మంచి ఆలోచన చేశాడు, గాయిటర్‌కి నాచు, స్పాంజి బూడిద పనిచేస్తున్నాయంటే వాటిలో ఉన్న ఈ కొత్త పదార్థమే కారణం అయ్యుండాలి అని, అయోడిన్‌నే నేరుగా ఇచ్చాడు, చాలామందికి వాపు తగ్గింది. కానీ మోతాదు ఎక్కువైన కొందరికి గుండె దడ, ఒళ్ళు వణుకు, బాగా చిక్కిపోవడం మొదలయ్యాయి. అంటే అయోడిన్ మందుగా పుట్టిన తొలి రోజుల్లోనే దాని రెండో ముఖం కూడా కనపడింది. 1895లో బౌమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త థైరాయిడ్ గ్రంథిలోనే అయోడిన్ ఉందని కనిపెట్టాక మొత్తం లెక్క తేలింది. ఈరోజు ప్రపంచమంతా వంటల్లో వాడే అయోడిన్ ఉప్పు వెనక ఉన్న కథ ఇదే, అది మొదలైంది నాచు బూడిదలో.

అసలు కీలకం మోతాదు దగ్గరే ఉంది, ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణీలకి 250 దాకా. రోజూ తీసుకోవడానికి పై హద్దు అమెరికా లెక్కలో 1100, యూరప్ లెక్కలో 600 మైక్రోగ్రాములు. నోరి షీటు ఒకటి మూడు గ్రాములు కూడా ఉండదు, గ్రాముకి కొన్ని పదుల మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుంది కాబట్టి ఒకటో రెండో షీట్లు తింటే ఆ రోజు అవసరం హాయిగా తీరిపోతుంది, భయపడాల్సింది లేదు. అదే కెల్ప్ రకమైన కొంబు తీసుకోండి. ఎండబెట్టిన కొంబు ముక్క చేత్తో పట్టుకుంటే తోలు బద్దలా గట్టిగా, నల్లటి ఆకుపచ్చగా ఉంటుంది, పైన తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది, అది బూజు కాదు, నాచులోని మానిటాల్ అనే తీపి పదార్థం పైకి వచ్చి ఆరిపోయింది. వేలి గోరంత ముక్క విరిస్తే అర గ్రాము ఉంటుందేమో, గ్రాముకి వెయ్యి నుంచి రెండు వేల మైక్రోగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా చాలా ఎక్కువే అయోడిన్ ఉండే వస్తువు అది, అంటే ఆ గోరంత ముక్కలోనే మూడు నాలుగు రోజులకి సరిపడా లేదా ఇంకా ఎక్కువ ఉన్నట్టు. పైగా ఒకే రకం నాచులో కూడా పెరిగిన చోటు, కోసిన కాలం, ఆరబెట్టిన తీరుని బట్టి ఇది బాగా మారిపోతుంది. కొంబుని నీళ్ళలో ఉడికిస్తే అయోడిన్ చాలా భాగం నీళ్ళలోకి దిగిపోతుంది, ముక్క తీసి పారేసి ఆ నీళ్ళు తాగితే మాత్రం తిన్నట్టే లెక్క.

ఎక్కువైతే ఏమవుతుంది అంటే, థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ ఒక్కసారిగా వరదలా వస్తే అది హార్మోన్ తయారీని తాత్కాలికంగా ఆపేస్తుంది. 1948లో వోల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు దీన్ని చూపించారు కాబట్టి వాళ్ళ పేరే పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కొద్ది రోజులకి గ్రంథి సర్దుకుని మళ్ళీ పని మొదలుపెడుతుంది. కానీ హాషిమోటో లాంటి థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళలో, కడుపులో ఉన్న బిడ్డలో, అప్పుడే పుట్టిన పిల్లల్లో ఈ సర్దుకోవడం సరిగ్గా జరగదు, హార్మోన్ తగ్గిపోయి హైపోథైరాయిడ్ వస్తుంది. ఇంకొందరిలో దీనికి రివర్స్, థైరాయిడ్‌లో పాత గడ్డలు ఉన్నవాళ్ళకి అయోడిన్ అందగానే హార్మోన్ విపరీతంగా తయారై గుండె దడ పట్టుకుంటుంది, జెనీవాలో క్వాండే పేషెంట్లకి అయ్యింది ఇలాంటిదే. 1965లో జపాన్‌లోని హొక్కైడో తీరం గురించి ఒక పరిశోధన వచ్చింది, అక్కడ కెల్ప్ విపరీతంగా తినే తీర ప్రాంతపు జనాల్లోనే గాయిటర్ ఎక్కువ ఉందని. అయోడిన్ లేక వచ్చే జబ్బు అయోడిన్ ఎక్కువై కూడా వచ్చింది. 2009లో ఆస్ట్రేలియాలో ఒక సోయా పాల బ్రాండులో కొంబు కలపడం వల్ల పెద్దవాళ్ళకి, పసిపిల్లలకి కూడా థైరాయిడ్ సమస్యలు వచ్చి ఆ సరుకు మొత్తం మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అందుకే థైరాయిడ్ ఉంది కాబట్టి సీవీడ్ తినండి అనే సలహా అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అయోడిన్ లోపం వల్ల వచ్చిన థైరాయిడ్‌కి అది సాయం చేయొచ్చు, కానీ అయోడిన్ ఉప్పు వాడే చోట్ల హైపోథైరాయిడ్‌కి ఎక్కువగా కారణం సొంత ఇమ్యూనిటీ గ్రంథి మీద దాడి చేయడం, వాళ్ళకి కెల్ప్ మాత్రలు ఇస్తే మంటలో నెయ్యి పోసినట్టే.

తిండిగా నాచు మంచిదేనా అంటే మంచిదే, మామూలు కూరగాయ ఎంత మంచిదో అంత. కేలరీలు తక్కువ, పీచు ఎక్కువ, పొటాషియం మెగ్నీషియం ఉంటాయి, రుచి కూడా ఇస్తుంది, ఉమామీ అనే రుచికి మూలమైన గ్లూటమేట్‌ని 1908లో ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు నీళ్ళలోంచే తీశాడు. కాకపోతే ప్యాకెట్ మీద వంద గ్రాములకి ఇంత ప్రోటీన్, ఇంత కాల్షియం అని రాసింది చూసి మురిసిపోకూడదు, ఎండు నోరిలో మూడో వంతు దాకా ప్రోటీనే ఉన్నా తినేది రెండు మూడు గ్రాములు, అంటే ఒంట్లోకి వెళ్ళేది ఒక గ్రాము ప్రోటీన్. జపాన్‌లో 80 వేలకి పైగా మందిని దాదాపు ఇరవై ఏళ్ళు గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో నాచు తరచుగా తినేవాళ్ళలో గుండె రక్తనాళాల జబ్బు కొంత తక్కువగా కనపడింది, పక్షవాతం విషయంలో తేడా ఏమీ తేలలేదు. ఇది ఆశ కలిగించేదే, కానీ నాచు తినేవాళ్ళు చేపలు, కూరలు కూడా ఎక్కువ తింటారు, కాబట్టి ఆ క్రెడిట్ అంతా నాచుదే అనలేం.

నాచు పీచుని అరిగించుకునే శక్తి మన ఒంటికి లేదు, ఆ పని పేగుల్లో బ్యాక్టీరియా చేయాలి. 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఒక అద్భుతమైన సంగతి బయటపెట్టారు, జపాన్ వాళ్ళ పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాకి నోరిలోని గట్టి చక్కెర గొలుసుల్ని కోసే ఎంజైము ఉంది, ఆ ఎంజైముకి సంబంధించిన జీన్ సముద్రంలో నాచు మీద బతికే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. తరతరాలుగా నోరి తింటుంటే దాంతోపాటు కడుపులోకి వెళ్ళిన సముద్రపు సూక్ష్మజీవులు తమ జీన్‌ని పేగుల్లో కాపురం ఉన్న వాటికి ఇచ్చేశాయన్నమాట. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ళ పేగుల్లో ఆ జీన్ కనపడలేదు. ఒకే నాచు ఇద్దరు తింటే ఇద్దరికీ ఒకే ఫలితం రావాలని లేదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక జిగురు సంగతి. వైద్యానికి నాచు చేసిన అసలు సేవ ఇక్కడుంది, దీని గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. ఎరుపు నాచుల నుంచి తీసే అగర్ అనే జెల్లీ తీసుకోండి. 1881 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచడానికి జెలటిన్ వాడేవాళ్ళు, అది ఒంటి వేడికే కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియాలైతే దాన్నే తినేసి నీరు చేసేవి. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె తన వంటింట్లో జెల్లీలకి అగర్ వాడేది, జావాలో ఉండొచ్చిన ఒకరి దగ్గర ఆ కిటుకు నేర్చుకుంది, ఇది వాడి చూడండి అని ఆవిడే చెప్పింది. అగర్ దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు, చల్లారేటప్పుడు 40 కంటే కిందకి వచ్చాకే గడ్డ కడుతుంది, బ్యాక్టీరియాలు చాలావరకు దాన్ని అరిగించుకోలేవు. సరిగ్గా కావాల్సింది అదే. టీబీ క్రిమిని కనిపెట్టిన 1882 నాటి పేపర్లో కాక్ అగర్ మాట రాశాడు గానీ ఆవిడ పేరు రాయలేదు, ఇది మాత్రం బాధ కలిగించే విషయం. ఈరోజుకీ యూరిన్ కల్చర్, బ్లడ్ కల్చర్ అని ల్యాబ్‌కి పంపితే అక్కడ చిన్న పళ్ళెంలో గడ్డకట్టి ఉండేది నాచు జెల్లీనే, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో డాక్టర్ చెప్పగలిగేది దాని మీద పెరిగిన చుక్కల్ని చూసే.

గోధుమ రంగు నాచుల జిగురు పేరు ఆల్జినేట్. 1881లో స్టాన్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ కెమిస్ట్ దీన్ని తీశాడు. రసి ఎక్కువ కారే పుండ్లకి, పడక పుండ్లకి, షుగర్ వాళ్ళ కాలి పుండ్లకి పెట్టే కాల్షియం ఆల్జినేట్ కట్టు ఎలా పనిచేస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. చూడ్డానికి దూదిలా తెల్లగా పొడిగా ఉంటుంది. పుండు లోపల పెట్టగానే రసిలో ఉన్న సోడియం ఆ దారాల్లోకి వెళ్తుంది, దారాల్లోని కాల్షియం పుండులోకి వస్తుంది, ఈ మార్పిడి జరిగేకొద్దీ పీచు మెల్లగా ఉబ్బి మెత్తటి జెల్ అయిపోతుంది, తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీల్చుకుంటుంది, వదిలిన కాల్షియం రక్తం గడ్డకట్టడానికి సాయం చేస్తుంది. మార్చేటప్పుడు మామూలు కట్టు గుడ్డలా పుండుకి అతుక్కుపోయి కొత్తగా వచ్చిన చర్మాన్ని పీక్కుని రాదు, జారిపోతూ వచ్చేస్తుంది, మిగిలింది సెలైన్‌తో కడిగేస్తే పోతుంది. రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు పేషెంట్ పళ్ళు బిగబట్టుకునే నొప్పి ఎంత తగ్గుతుందో ఆ పుండ్లు చూసుకునే నర్సులకి తెలుసు. రసి లేని పొడి పుండుకి మాత్రం ఇది పనికిరాదు, ఉన్న తడి కూడా లాగేస్తుంది.

గుండెల్లో మంటకి, పులితేన్పులకి ఇచ్చే కొన్ని సిరప్‌లలో ఉండేదీ ఈ ఆల్జినేట్‌నే. కడుపులోకి వెళ్ళి యాసిడ్ తగలగానే జెల్‌గా మారుతుంది, అందులో కలిపిన బైకార్బొనేట్ నుంచి వచ్చే గ్యాస్ బుడగలు ఆ జెల్‌లో ఇరుక్కుంటాయి, దాంతో అది కడుపులో ఉన్న తిండి పైన తెప్పలా తేలుతూ యాసిడ్ పైకి ఎగదన్నకుండా మూతలా పనిచేస్తుంది. అందుకే అది తిన్న తర్వాత తాగాలి, ఖాళీ కడుపుతో తాగితే తేలడానికి ఏమీ ఉండదు, తొందరగా కిందకి దిగిపోతుంది. పంటి డాక్టర్లు అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ముద్ద కూడా ఆల్జినేట్. ఇంకా, లామినేరియా అనే కెల్ప్ రకం నాచు కాడని ఎండబెట్టి, సన్నగా చెక్కి, స్టెరిలైజ్ చేసి గర్భాశయ ముఖద్వారంలో పెడితే తడి పీల్చుకుని పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మెల్లగా మూడు నాలుగు రెట్లు లావు అవుతుంది, ఆ దారి నెమ్మదిగా తెరుచుకుంటుంది. 19వ శతాబ్దం నుంచి ఉన్న పద్ధతి, గర్భస్రావం లాంటి ప్రొసీజర్ల ముందు ఇప్పటికీ వాడుతున్నారు.

ఆశ పెట్టి నిలబడనివీ ఉన్నాయి, వాటి గురించి కూడా చెప్పుకోవాలి. ఎరుపు నాచు నుంచి వచ్చే క్యారగీనన్ ల్యాబ్‌లో హెచ్ఐవీ వైరస్‌ని అడ్డుకుంది, అది చూసి దాంతో ఒక జెల్ తయారుచేసి దక్షిణాఫ్రికాలో 6 వేలకి పైగా ఆడవాళ్ళ మీద ట్రయల్ చేశారు, 2008లో ఫలితం వచ్చింది, జెల్ సురక్షితమే గానీ హెచ్ఐవీ రాకుండా ఆపలేదు. అల్జీమర్స్‌కి గోధుమ రంగు నాచు చక్కెర నుంచి చేసిన ఒక మందుకి చైనా 2019లో షరతులతో అనుమతి ఇచ్చింది, వేరే దేశాల్లో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్‌ని 2022లో మధ్యలోనే ఆపేశారు. గోధుమ రంగు నాచుల్లో ఉండే ఫ్యూకోయిడన్ అనే పదార్థం క్యాన్సర్‌ని చంపుతుందని అమ్మేవాళ్ళు చూపించేది ఎక్కువగా గాజు పళ్ళెంలో కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు, మనుషుల్లో క్యాన్సర్ నయమైందని చూపించిన గట్టి ట్రయల్ లేదు. క్యాన్సర్ వచ్చిన మనిషి కీమో మానేసి ఈ క్యాప్స్యూల్స్ మీద ఆధారపడితే జరిగే నష్టం తిరిగి రాదు. దీనికి పూర్తి వేరుగా, డైజీనియా అనే ఎరుపు నాచుని జపాన్‌లో ఏలికపాములకి మందుగా వాడేవాళ్ళు, 1953లో దాంట్లోంచి కైనిక్ యాసిడ్ తీశారు, పాత వాడకం నిజంగా పనిచేసేదే అని రుజువైంది. తర్వాత ఆ కైనిక్ యాసిడ్ మెదడు పరిశోధనకి ఎంత ముఖ్యమైపోయిందంటే మన నరాల్లో ఒక రకం రిసెప్టర్లకి కైనేట్ రిసెప్టర్లు అని దాని పేరే పెట్టారు. మోతాదు దాటితే నరకణాలని చంపేస్తుంది కూడా.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది హిజికి అనే నల్లటి నాచు, దాంట్లో విషపూరితమైన ఇనార్గానిక్ ఆర్సెనిక్ ఎక్కువ ఉండటం వల్ల 2004లో బ్రిటన్ ఆహార సంస్థ అసలు తినొద్దని చెప్పింది, ఇంకొన్ని దేశాలూ అలాగే చెప్పాయి. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు నాచు ఒకరోజు బాగా తిని ఒకరోజు మానేస్తే అందులోని విటమిన్ కె వల్ల మందు లెక్క తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి పొటాషియం సమస్య. రేడియేషన్ ప్రమాదం అనగానే, 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం అప్పుడు జరిగినట్టు, జనం కెల్ప్ కోసం ఎగబడతారు. రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడటానికి పెద్దవాళ్ళకి ఇచ్చే పొటాషియం అయోడైడ్ మాత్ర 130 మిల్లీగ్రాములు, అందులో అయోడిన్ దాదాపు 100 మిల్లీగ్రాములు, అంటే లక్ష మైక్రోగ్రాములు, ఆరొందల రోజుల అవసరం కంటే ఎక్కువ. అయోడిన్ ఎంత ఉందో తెలియని నాచు తిని అంత మోతాదు సరిగ్గా తెచ్చుకోవడం అయ్యే పని కాదు, ఆ మాత్ర కూడా అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి.

కొనేవాళ్ళు ప్యాకెట్ మీద రెండు చూసుకుంటే చాలా వరకు గట్టెక్కుతారు, నాచు రకం పేరు రాసిందా, ఒక్క సర్వింగ్‌లో అయోడిన్ ఎన్ని మైక్రోగ్రాములో రాసిందా. ఉత్త సీవీడ్ అనో కెల్ప్ అనో రాసి అంకె లేకపోతే దాన్ని రోజూ తినే వస్తువుగా పెట్టుకోకూడదు. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియో అయోడిన్ ట్రీట్‌మెంట్ ఉన్నవాళ్ళైతే ఇంకా గట్టిగా ఉండాలి, ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినమంటారు, నాచు పూర్తిగా బంద్, అగర్, క్యారగీనన్, ఆల్జినేట్ కలిపిన ఐస్‌క్రీములు, జెల్లీలు, పుడ్డింగులు కూడా ఆ లిస్టులో ఉంటాయి. ఎందుకంటే మిగిలిన థైరాయిడ్ కణాలు నాచు అయోడిన్‌తో కడుపు నింపుకుని ఉంటే, వాటిని చంపడానికి పంపిన రేడియో అయోడిన్‌ని లోపలికి తీసుకోవు. సీ మాస్ జెల్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరు అడక్కముందే చెప్పాలి, చాలామంది అది మందు కాదు కదా అనుకుని చెప్పరు.